ఉత్తరం రాసినవారి పేరే మొక్కకు మిగిలింది

మన పెరళ్లలో తెల్లగా విచ్చుకుని ఇల్లంతా వాసన నింపే గంధరాజాన్ని వృక్షశాస్త్రం గార్డీనియా అంటుంది. ఆ మాటలో ఉన్నది తోట కాదు, మనిషి. అలెగ్జాండర్ గార్డెన్ అనే స్కాట్లండ్ వైద్యుడు అమెరికాలోని చార్లెస్టన్ పట్నంలో ప్రాక్టీసు చేసేవాడు. ఆ మొక్కను ఆయన కనిపెట్టలేదు, ఇంగ్లండుకు తేలేదు, శాస్త్రీయంగా వర్ణించనూ లేదు. అసలది చైనా మొక్క. ఈస్టిండియా కంపెనీ ఓడ కెప్టెన్ ఒకాయన గుడ్‌హోప్ అగ్రం దగ్గర దాన్ని చూసి ఇంగ్లండుకు తీసుకొస్తే, అది ఎసెక్స్‌లోని వుడ్‌ఫర్డ్‌లో రిచర్డ్ వార్నర్ అనే ఆసామి తోటకు చేరింది. మైల్ ఎండ్‌లో నర్సరీ నడిపే జేమ్స్ గోర్డన్ కొమ్మలు నాటి దాన్ని వృద్ధిచేసి అమ్మాడు. అందరూ మల్లెజాతి అనుకుంటున్న ఆ మొక్క మల్లె కాదని తేల్చినవాడు లండన్ వర్తకుడు జాన్ ఎల్లిస్. ఆయన మొదట తోట యజమాని పేరే పెడదామనుకుంటే వార్నర్ వద్దన్నాడు. అప్పుడు, కొన్నేళ్లుగా తనకు చార్లెస్టన్ నుంచి ఉత్తరాలు రాస్తున్న గార్డెన్ పేరును, స్వీడన్‌లో ఉంటూ మొక్కలకు శాస్త్రీయ నామాలు ఖాయం చేస్తున్న వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్‌కు సూచించాడు. స్నేహితులకు పేర్లు పంచిపెడుతున్నారన్న నింద వస్తుందేమోనని లిన్నేయస్ వెనకాడాడు. చివరికి ఒప్పుకున్నాడు.

మొక్క పేరులో మనిషి పేరు కనబడితే, దాన్ని కనిపెట్టినవాడు ఆయనే కాబోలు అనుకోవడం మనకు అలవాటు. 18వ శతాబ్దపు బ్రిటన్‌లో వృక్షశాస్త్రజ్ఞుల మధ్య నడిచిన ఉత్తరాలను దగ్గరగా చదివితే ఆ అలవాటు నిలవదు. చాలా పేర్లు ఎవరు ఎవరికి రాశారో చెప్పే చిరునామాల్లా కనిపిస్తాయి. ఆ కాలపు వృక్షశాస్త్రం ఉత్తరాల మీద నిలబడింది కనుక ఉత్తరం రాసే వీలు లేనివాళ్లు దాని లెక్కల్లోకి రాలేదని, ఆ లోటును కొంతైనా పూడ్చగల సాక్ష్యం మళ్లీ ఆ ఉత్తరాల్లోనే పడి ఉందని నా అభిప్రాయం.

ముందుగా, ఉత్తరాల మీద అంతగా ఎందుకు ఆధారపడవలసి వచ్చింది? విశ్వవిద్యాలయాల్లో ఈ చదువు నీరసంగా ఉండేది. ఆక్స్‌ఫర్డ్‌లో 1747 నుంచి 1783 దాకా వృక్షశాస్త్ర ఆచార్యుడిగా ఉన్న హంఫ్రీ సిబ్‌థార్ప్ ఆ కాలమంతటిలో ఇచ్చింది ఒకే ఒక్క ఉపన్యాసమని చెప్పుకుంటారు. అక్కడ చదువుకోవడానికి వెళ్లిన, తరువాత వృక్షశాస్త్రంలో పెద్ద పేరైన జోసెఫ్ బ్యాంక్స్ తన సొంత ఖర్చుతో కేంబ్రిడ్జి నుంచి ఒక ఉపాధ్యాయుణ్ని పిలిపించుకోవలసి వచ్చింది. అసలు పని ఆచార్యుల గదుల బయట, మందుల కొట్లలో, బట్టల దుకాణాల్లో, తోటల్లో జరిగేది. దానికి మంచి ఉదాహరణ పీటర్ కాలిన్సన్.

కాలిన్సన్ లండన్‌లో బట్టల వ్యాపారి, క్వేకరు అనే క్రైస్తవ శాఖవాడు. ఇంగ్లండు అధికారిక చర్చి అయిన ఆంగ్లికన్ చర్చికి బయట ఉన్నవారికి ఆ రోజుల్లో ఆక్స్‌ఫర్డ్ పట్టా దొరకదు. అయినా యూరప్‌కూ అమెరికా వలసరాజ్యాలకూ మధ్య మొక్కల రాకపోకలన్నిటికీ ఆయన దుకాణం కూడలి అయింది. 1730ల మొదట్లో ఆయన ఫిలడెల్ఫియా పక్కన వ్యవసాయం చేసుకునే జాన్ బార్ట్రమ్ అనే మరో క్వేకరుతో ఉత్తరాలు మొదలుపెట్టాడు. అవి 1768లో కాలిన్సన్ చనిపోయేదాకా, సుమారు 35 ఏళ్లు సాగాయి. ఆ ఇద్దరూ ఒక్కసారి కూడా ముఖాముఖి కలుసుకోలేదు.

వాళ్ల ఏర్పాటును చూస్తే ఉత్తరం ఆ కాలంలో ఎంత పని చేసిందో తెలుస్తుంది. కాలిన్సన్ ముతక కాగితం దస్తాలు పంపేవాడు. బార్ట్రమ్ అడవిలో కోసిన ప్రతి మొక్కనూ ఆ కాగితాల మధ్య ఆరబెట్టి, ఒకే అంకె వేసిన రెండేసి నమూనాలు తయారుచేసి, ఒకటి తన దగ్గర ఉంచుకుని రెండోది లండన్‌కు పంపాలి. కాలిన్సన్ దాన్ని ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్న డిలేనియస్ వంటి పండితులకు చూపించి, ఫలానా అంకె మొక్క పేరు ఫలానా అని తిరిగి రాసేవాడు. అట్లాంటిక్‌కు అవతల, గురువు లేని ఊళ్లో, ఒక రైతు తన దగ్గరున్న ఎండుటాకుల కట్ట విప్పి అంకెకు అంకె సరిచూసుకుంటూ శాస్త్రం నేర్చుకున్నాడు. బడి అంటే ఆయనకు ఆ కట్టా, ఆ ఉత్తరమూ.

విత్తనాల పెట్టెలది వేరే లెక్క. సుమారు 100 రకాల విత్తనాలున్న పెట్టె 5 గినీలు (గినీ అంటే ఆనాటి ఇంగ్లిష్ బంగారు నాణెం). డ్యూకులు, ప్రభువులు, చెల్సీ ఔషధ వనం అధికారి ఫిలిప్ మిల్లర్ అందరూ చందాదారులే. పెట్టె రేవులో దిగాక కస్టమ్స్ నుంచి విడిపించడం, పంచడం, డబ్బు వసూలు చేయడం కాలిన్సన్ తన వ్యాపారం మధ్యలో చేసేవాడు. అందులో లాభం తీసుకోలేదు. ఎలుకలు విత్తనాలు తినేవి, ఉప్పునీరు మొక్కలను చంపేది, యుద్ధకాలంలో శత్రువులు ఓడలనే పట్టుకుపోయేవారు. ఎల్లిస్ ఓక్ గింజలను మైనంలో పొదిగి ఏడాది ఉంచి, అవి మొలకెత్తడం చూపించాడు. దూరదేశాల నుంచి విత్తనాలు, మొక్కలు ప్రాణంతో తేవడమెలాగో 1770లో ఒక చిన్న పుస్తకమే వేశాడు. ఇది మొక్కల శాస్త్రంలో చిన్న విషయంగా కనబడవచ్చు. కానీ దారిలో చచ్చిన మొక్కకు పేరు పెట్టేవారుండరు.

ఈ స్నేహంలోని అసమానత కూడా ఉత్తరాల్లోనే దాగకుండా ఉంది. 1737లో బార్ట్రమ్ వర్జీనియా వెళ్లబోతుంటే, తాను పంపిన గుడ్డతో బట్టలు కుట్టించుకుని శుభ్రంగా వెళ్లమని, అక్కడి పెద్దమనుషులు మనిషి లోపలికంటే పైవేషమే ఎక్కువ చూస్తారని, తనకూ నీకూ పరువు తక్కువ కాకూడదని కాలిన్సన్ హెచ్చరించాడు. మరోసారి ఆయన పంపిన టోపీకి చిల్లులున్నాయని బార్ట్రమ్ నొచ్చుకున్నాడు. అంచున ఒకటి రెండు చిన్న చిల్లులున్న మాట నిజమేనని, లోపలి గుడ్డ మాత్రం కొత్తదని, ఎవరికో ఇచ్చేసే బదులు తిరిగి పంపి ఉంటే పల్లెలో వానకాలంలో తాను రెండు మూడేళ్లు పెట్టుకునేవాణ్నని కాలిన్సన్ జవాబు. ఈ టోపీ ముచ్చటను చరిత్రకారులు సరదా కోసం ఎత్తి రాస్తుంటారు. నాకది ఆ వ్యవస్థ మొత్తానికి కీలకంగా తోస్తుంది. అడవుల్లో తిరిగి ప్రాణం మీదికి తెచ్చుకునేవాడికి ప్రతిఫలం డబ్బా, బహుమతా, గౌరవమా అన్నది ఎన్నడూ తేలలేదు. 1765లో బార్ట్రమ్‌కు రాజుగారి వృక్షశాస్త్రజ్ఞుడన్న హోదా, ఏడాదికి 50 పౌండ్లు దక్కాయి. అప్పటికి ఆయన ముప్పై ఏళ్లకు పైగా మొక్కలు పంపుతున్నాడు.

లండన్ పేట నుంచి, లిన్నేయస్ ఉండే స్వీడన్ ఊరు ఉప్సలాకు వెళ్లిన ఉత్తరాల్లో మరో రకం తగవు వినబడుతుంది. 1753లో లిన్నేయస్ మొక్కలన్నిటికీ రెండు మాటల పేర్లు ఖాయం చేస్తూ తన మహాగ్రంథం వెలువరించాడు. మరుసటి ఏడాది కాలిన్సన్ ఆయనకు ఆప్యాయంగానే, కానీ గట్టిగా రాశాడు. అందరూ ఆమోదించిన పేర్లను మార్చి కొత్తవి చేర్చడం వల్ల, ఎవరైనా అందుకోగలిగిన ఆహ్లాదకరమైన చదువు ఇప్పుడు ఆచార్యుల చదువైపోయిందని ఆ ఉత్తరం సారాంశం. లిన్నేయస్ పద్ధతి వల్ల శాస్త్రానికి జరిగిన మేలు అపారం, అందులో సందేహం లేదు. అయినా ఈ బట్టల వ్యాపారి ఫిర్యాదును అజ్ఞానమని కొట్టిపారేయడం తప్పు. పేర్లు పెట్టే అధికారం ఒక్క చోటికి చేరితే ఆ ఒక్క చోటికి ఉత్తరం రాయగలిగినవాడిదే పైచేయి అవుతుందని ఆయన అనుభవం మీద పసిగట్టాడు.

జేన్ కోల్డెన్ సంగతి దానికి రుజువు. న్యూయార్క్ ప్రాంతంలో తండ్రి దగ్గర లిన్నేయస్ పద్ధతి నేర్చుకుని ఆమె 340 దాకా మొక్కలను వర్ణించి, ఆకుల బొమ్మలు వేసింది. ఆ రాతప్రతి ఇప్పుడు లండన్ ప్రకృతి చరిత్ర మ్యూజియంలో ఉంది. ఆమె గుర్తింపుకు అర్హురాలని కాలిన్సన్ లిన్నేయస్‌కు రాశాడు. 1758లో ఎల్లిస్ ఒక మొక్కకు ఆమె ఇంటిపేరు పెట్టమని అడిగాడు. లిన్నేయస్ పెట్టలేదు. ఆమె తరఫున వాదించిన ఉత్తరాలు ఇద్దరు మగవాళ్లవి. ఆ వాదన వాళ్ల చేతుల్లోనే మొదలై వాళ్ల చేతుల్లోనే ఆగిపోయింది. అన్నట్టు, తాను వర్ణించిన ఒక మొక్కకు గార్డెన్ గౌరవార్థం గార్డీనియా అని మొదట పేరు పెట్టింది జేన్ కోల్డెనే. ఆ పేరు ఆ మొక్కకు నిలవలేదు. ఎల్లిస్ చేతుల మీదుగా గంధరాజానికి నిలిచింది.

గార్డెన్‌ను మాత్రం తప్పుపట్టలేను. చార్లెస్టన్‌లో ప్రకృతిశాస్త్రం గురించి మాట్లాడడానికి ఒక్క ప్రాణి లేదని వాపోయిన మనిషి ఆయన. ఎల్లిస్ ఉత్తరం వచ్చిన ప్రతిసారీ తన గుండెలోని చిన్న నిప్పురవ్వ మళ్లీ రాజుకుంటుందని రాసుకున్నాడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో రాజు పక్షాన నిలిచినందుకు అక్కడి ఇల్లూ ఆస్తీ వదులుకుని లండన్ చేరి, 1791లో అక్కడే పోయాడు. ఇక రాయడం మానేసినవాడికి ఏమయిందో చూడాలంటే సోలాండర్ ఉన్నాడు. కాలిన్సన్, ఎల్లిస్ కోరగా లిన్నేయస్ 1760లో పంపిన ఈ ప్రియశిష్యుడు లండన్‌లోనే స్థిరపడి, బ్యాంక్స్‌తో కలిసి నావికుడు కెప్టెన్ కుక్ ఓడలో ప్రపంచం చుట్టివచ్చి, గురువుకు ఉత్తరాలు తగ్గించేశాడు. కృతఘ్నుడని లిన్నేయస్ బాధపడ్డాడు. ఆ ప్రయాణంలో పోగైన మొక్కల కట్టలు ఉప్సలాకు చేరనే లేదు.

లిన్నేయస్ స్థానం తరువాతి తరంలో లండన్‌లోని సోహో స్క్వేర్‌కు, బ్యాంక్స్ ఇంటికి మారింది. ఆ ఇంటికి వచ్చే ఉత్తరాల్లో మన తీరం ఊళ్ల పేర్లు కనబడడం అప్పుడే మొదలైంది. లిన్నేయస్ శిష్యుడు కోనిగ్ 1785లో కాకినాడలోని జగన్నాథపురంలో కన్నుమూస్తూ తన రాతప్రతులన్నీ బ్యాంక్స్‌కు చెందాలని రాశాడు. విశాఖపట్నంలో ఉన్న ప్యాట్రిక్ రస్సెల్ ఈ ప్రాంతపు మొక్కలను బొమ్మలతో అచ్చువేయాలని ప్రతిపాదించాడు. సామర్లకోటలో కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ తోట వేసి, స్థానిక చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు గీయించి, వర్ణనలతో లండన్‌కు పంపాడు. వాటిలోంచి 300 బొమ్మలను బ్యాంక్స్ ఎంపికచేయగా, కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథం 1795 నుంచి 1820 దాకా మూడు సంపుటాలుగా వెలువడింది. సామర్లకోట నుంచి లండన్‌కు ఒక ప్రశ్న వెళ్లి జవాబు రావడానికి ఏడాది పైనే పట్టేది. ఆ ఏడాదిలో పూసిన పువ్వు రాలి, కాయ కాసి, మళ్లీ పూసేది. బొమ్మ గీసిన చేతికి ఉన్న విలువ అక్కడ తెలుస్తుంది, ఎందుకంటే లండన్‌లో కూర్చున్నవాడు చూసేది మొక్కను కాదు, ఆ గీతను.

ఆ గ్రంథంలో రాక్స్‌బర్గ్ పేరుంది, బ్యాంక్స్ పేరుంది, ముందుమాట రాసిన రస్సెల్ పేరుంది. గీసినవారి పేర్లు లేవు. కానీ మొక్క మొక్కకూ తెలుగువాళ్లు ఏమంటారో రాశారు. ఇంగ్లిష్ అక్షరాల్లో వంకరపోయినా మోదుగను, తీగమోదుగను మనం ఇట్టే గుర్తుపడతాం. ఒక పేరు రాక్స్‌బర్గ్‌కు తెలియాలంటే, చెట్టు దగ్గర నిలబడి దాన్ని పలికిన మనిషి ఒకరుండాలి కదా.

ఇందుకే ఈ ఉత్తరాలను భద్రపరిచే తీరు మీద నాకొక పట్టింపు ఉంది. లిన్నేయస్ గ్రంథాలు, నమూనాలు, సుమారు 3,000 ఉత్తరాలను 1784లో జేమ్స్ ఎడ్వర్డ్ స్మిత్ అనే యువకుడు వెయ్యి గినీలకు కొని లండన్‌కు తెచ్చాడు. నాలుగేళ్ల తరువాత లండన్‌లో లిన్నేయన్ సొసైటీ అనే ప్రకృతిశాస్త్ర సంఘం ఏర్పడింది. బ్యాంక్స్ ఉత్తరాల గతి అలా కాలేదు, 19వ శతాబ్దం చివర వేలంలో చెల్లాచెదురయ్యాయి. మిగిలినవాటిలో చాలా భాగం నేడు డిజిటల్ రూపంలో దొరుకుతోంది. అయితే వాటి పట్టికలు ప్రధానంగా పంపినవారు, అందుకున్నవారు, తేదీ అన్న మూడు గడుల మీద నడుస్తాయి. ఉత్తరం లోపల ప్రస్తావనకు వచ్చిన తోటమాలి, పనివాడు, చిత్రకారుడు, స్థానిక నామం ఆ గడుల్లో దేనిలోనూ పట్టరు. కొత్త పత్రాలు వెతకనక్కర్లేదు. ఉన్న ఉత్తరాల్లోని మాటలకే విడిగా సూచిక వేయాలి. ఇంగ్లిష్ లిపిలో ఉన్న తెలుగు మాటలను గుర్తుపట్టగలిగేది తెలుగువాళ్లే కనుక ఆ పనిలో మన విశ్వవిద్యాలయాల భాషాశాఖలూ వృక్షశాస్త్ర శాఖలూ కలిసి చేయి వేయాలి.

మొదలుపెట్టడానికి సోమిద చాలు. రాజమండ్రి సర్కారు కొండల్లో పెరిగే ఆ చెట్టు బెరడు, జ్వరానికి వాడే పెరూ బెరడుకు బదులుగా పనికొస్తుందని రాక్స్‌బర్గ్ రాశాడు. బెరడూ పేరూ కలిసి సముద్రం దాటాయి. 1794లో ఎడిన్‌బరోలో ఆండ్రూ డంకన్ అనే యువకుడు దాని మీద లాటిన్‌లో వైద్య పరిశోధన సమర్పించి, ఆ తెలుగు మాటనే శీర్షికలో పెట్టాడు. తరువాత ఆ చెట్టు జాతికే సోయ్‌మిడా అన్న పేరు స్థిరపడింది, ఇప్పటికీ అదే పేరు. గంధరాజం పేరులో చార్లెస్టన్ వైద్యుడున్నట్టుగానే ఆ చెట్టు పేరులో రాజమండ్రి కొండల మాట ఉంది. గార్డెన్ గురించి వెతికితే పుట్టిన ఊరు, చదివిన కాలేజీ, చనిపోయిన ఏడాది దాకా దొరుకుతాయి. సోమిద అని చెప్పినవారి కోసం వెతకడానికి పట్టికలో ఇంకా గడి లేదు.