ఫోటోలో నలుపు, కొండ మీద నీలం
రిటైరయ్యాక కొండలెక్కి తీసిన ఫోటోలు చూసి వాటర్ కలర్స్ వేసుకోవచ్చని రాశారు, చాలా సంతోషం, నేనూ మూడేళ్లుగా అదే పనిలో ఉన్నాను. ఒక్క మాట. ఫోటోని ఉన్నదున్నట్టు దించకండి. ఫోన్ కెమెరాలో నీడలు నల్లగా పడతాయి, దూరపు శిఖరం చిన్నదైపోతుంది, కానీ అక్కడ నిలబడి చూసినప్పుడు ఆ నీడలో నీలం, ఊదా కనిపించాయి కదా, అవే వేయండి. దూరమయ్యే కొద్దీ కొండలు పలచబడి నీలంగా మారతాయి, అందుకే నేను వెనక వరస ముందు వేసి, అది పూర్తిగా ఆరాక (చేతి వెనక భాగం ఆనిస్తే చల్లగా తగిలిందంటే ఇంకా తడి ఉన్నట్టే) దగ్గరి కొండలు చిక్కగా వేస్తాను. మంచుకి తెల్ల రంగు అక్కర్లేదు, కాగితాన్నే వదిలేయాలి. కాగితం మాత్రం 300 జీఎస్ఎంకి (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క) తగ్గొద్దు, పలచటిదైతే తడికి ఉబ్బి రంగంతా గుంటల్లో నిలుస్తుంది.