పంక్ డ్రమ్మర్‌కి వాయించడం రాదంటే ఒప్పుకోను

"పంక్ డ్రమ్మర్లకి వచ్చేవి రెండే బీట్లు, గట్టిగా బాదడం తప్ప ఇంకేం తెలీదు." వేగంగా, సాదాగా సాగే పంక్ రాక్ గురించి ఈ మాట విన్నప్పుడల్లా ఒళ్ళు మండుతుంది నాకు. అనేవాళ్ళు ఒక్కసారి మెట్రోనోమ్‌ని (లయ చూపే పరికరం) నిమిషానికి 180 బీట్లలో పెట్టి, కుడి చేత్తో హై-హ్యాట్ (జంట తాళాలు) మీద ఎనిమిదో నోట్లు, అంటే బీట్‌కి రెండు దెబ్బలు, ఆపకుండా వాయించి చూడాలి. సెకనుకి ఆరు దెబ్బలు, ఒంటి చేత్తో. మొదటి నిమిషం హాయిగా ఉంటుంది. రెండో నిమిషానికి ముంజేయి రాయిలా బిగుస్తుంది. తెలియకుండానే స్టిక్‌ని గట్టిగా పట్టుకుంటాం, పట్టు బిగిసేకొద్దీ చెయ్యి ఇంకా మొరాయిస్తుంది. మూడో నిమిషం దాటడానికి నాకు నెలలు పట్టింది. అమెరికన్ పంక్ బ్యాండ్ రామోన్స్‌లో డ్రమ్మర్ మార్కీ పాట వెంట పాట అలాగే లాగించేవాడు.

మార్కీ కంటే ముందున్న టామీ అంటే నాకు ఇంకా ఇష్టం. 1974లో అతను ఆ బ్యాండ్ మేనేజర్, డ్రమ్మర్ కాదు. డ్రమ్స్ వాయించే జోయీ గాయకుడయ్యాక ఎంతమందిని పరీక్షించినా బ్యాండ్‌కి కావాల్సిన సాదా దరువు ఎవరూ వాయించలేదు. చివరికి టామీనే డ్రమ్స్ ముందు కూర్చున్నాడు. ఏం వాయించకూడదో తెలియడం కూడా విద్యే కదా!

లోపాలు లేవనను. చాలామందికి ఉన్నది ఒకటే వాల్యూమ్. చరణమైనా పల్లవైనా స్నేర్ డ్రమ్ మీద అదే దెబ్బ. ఇక స్టేజీ ఎక్కితే లయ పరుగెడుతుంది, ముఖ్యంగా ఫిల్ (పాట భాగాల మధ్య వాయించే చిన్న ముక్క) దగ్గర. నేనూ అలా ఫిల్ తొందరగా ముగించి ముందే క్రాష్ తాళం కొట్టేశాను. బాస్ వాయించే అతను తలెత్తి నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

"పంక్ అంటే అంతేలే" అని ఈ లోపాన్ని వెనకేసుకొచ్చేవాళ్ళు డ్రమ్మర్ టాపర్ హెడన్‌ని వినాలి. జాజ్, సోల్ తెలిసిన ఈ మనిషి 1977లో బ్రిటిష్ పంక్ బ్యాండ్ క్లాష్‌లో చేరాకే ఆ బ్యాండ్ రెగే (జమైకా సంగీతం), ఫంక్ వైపు అంత ధైర్యంగా వెళ్ళగలిగింది. 1982 నాటి 'రాక్ ద కాస్బా'లో డ్రమ్సే కాదు, బాస్, పియానో కూడా అతనివే. అదే ఏడాది హెరాయిన్ వల్ల బ్యాండ్‌కి దూరమయ్యాడు. ఎంత నష్టం! బ్యాడ్ బ్రెయిన్స్ బ్యాండ్ డ్రమ్మర్ ఎర్ల్ హడ్సన్‌కీ అలాగే రకరకాల లయలు వచ్చు. ఆ బ్యాండ్ వాళ్ళు జాజ్ ఫ్యూజన్‌తో (జాజ్, రాక్ కలిపిన సంగీతం) మొదలైనవాళ్ళు, అందుకే హార్డ్‌కోర్ (ఇంకా వేగమైన పంక్) వేగం నుంచి రెగేకి దిగినా అతని చెయ్యి తడబడదు.

ఇప్పుడు నేను సాధన చేస్తున్నది వేగం కోసం కాదు. అదే 180లో స్నేర్‌ని మెల్లగా వాయించడం. మూడు నిమిషాలు దాటడం కంటే ఇదే కష్టంగా ఉంది.