లువార్ కోటలకు గైడెడ్ బస్సు దండగ అనే మెసేజ్‌కి నా జవాబు

ఎండాకాలం సెలవులు దగ్గరపడగానే యూరప్‌లో ఉన్న మన తెలుగు గ్రూపుల్లో ఒక మెసేజ్ మళ్లీ తిరగడం మొదలవుతుంది. పారిస్ నుంచి గైడెడ్ బస్సులో ఫ్రాన్స్ లువార్ నది లోయలోని రాజుల కాలం కోటలకు వెళ్లడం శుద్ధ దండగట, రైల్లో మనమే వెళ్తే సగం ఖర్చుతో ఒక్కరోజులో నాలుగు కోటలు చూడొచ్చట, గైడ్ చెప్పేదంతా నెట్‌లోనే ఉందట. అయినా కోటలన్నీ ఒకటేనట, లియొనార్డో డావిన్చి కట్టిన షాంబోర్ ఒక్కటి చూస్తే చాలట, అదీ లోపలంతా ఖాళీ గదులేనట. పెద్దవాళ్లనైతే అసలు తీసుకెళ్లొద్దట. నేను రెండుసార్లు వెళ్లొచ్చాను, రెండోసారి అమ్మానాన్నలతో. ఈ మెసేజ్ చదివి ఇద్దరు ఫ్రెండ్స్ వాళ్ల అమ్మానాన్నలను హోటల్లోనే వదిలి వెళ్లారని తెలిసి బాధేసింది, అందుకే ఇది రాస్తున్నాను.

ముందు రైలు సంగతి. ఈ కోటల్లో షెనొన్సో అనేదొక్కటే చూడాలనుకుంటే మెసేజ్ చెప్పింది నిజమే, రైల్లోనే వెళ్లండి. పారిస్ మోంపర్నాస్ స్టేషన్ నుంచి తూర్ ఊరి పక్కనున్న సెన్ పియేర్ దె కోర్‌కి టీజీవీ అనే హైస్పీడ్ రైల్లో గంట పైచిలుకు, అక్కడి నుంచి లోకల్ రైల్లో ఇంకో అరగంట, దిగితే కోట గేటు నాలుగడుగుల దూరంలోనే ఉంటుంది. చిక్కల్లా రెండో కోటతోనే వస్తుంది. షాంబోర్‌కి రైల్వే స్టేషన్ లేదు. బ్లువా అనే ఊళ్లో దిగి ఇంకో 16 కిలోమీటర్లు పోవాలి, షటిల్ బస్సు సీజన్‌లోనే తిరుగుతుంది, దాని టైముకి మనం ఉండాలి తప్ప మన టైముకి అది ఉండదు. ఆ బస్సు తప్పిపోతే టాక్సీ, టాక్సీ అంటే మీరు మిగిల్చుకున్న సగం ఖర్చు అక్కడే హారతి కర్పూరం. పైగా టీజీవీ టికెట్ ప్రయాణం రోజు దగ్గరపడే కొద్దీ పెరుగుతుంది, నలుగురున్న కుటుంబం ఆఖరి వారంలో కొంటే లెక్క పూర్తిగా తిరగబడుతుంది.

నాలుగు కోటలు అనేది ఇంకా పెద్ద పొరపాటు. పారిస్ నుంచి షాంబోర్ దాదాపు 180 కిలోమీటర్లు, బస్సులో రెండున్నర గంటలు. షెనొన్సో నుంచి తిరిగి రావడానికి మూడు గంటలు పెట్టుకోండి, మధ్యలో ఒక కోట నుంచి ఇంకో కోటకి దాదాపు గంట. యూరప్ రూల్ ప్రకారం డ్రైవర్ నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాలు ఆగి తీరాలి, కాబట్టి బస్సును ఉరుకులు పెట్టించడం కూడా కుదరదు. పొద్దున ఏడింటికి బయల్దేరి రాత్రి ఎనిమిదింటికి తిరిగొచ్చినా కోటలకు మిగిలేది ఐదారు గంటలు, అందులో తిండీ, క్యూలూ. నాలుగు కోటలని అమ్మే టూర్లూ ఉన్నాయి, వాటిల్లో రెండిటిని కిటికీలోంచి చూపిస్తారు. రెండు కోటలు చాలు. నా మాట నమ్మండి, మూడోది వద్దు.

ఇక లియొనార్డో షాంబోర్ కట్టాడన్న మాట. ఆయన 1516లో లువార్ ఒడ్డునున్న అంబువాజ్ ఊరికి వచ్చి, 1519 మే 2న అక్కడే చనిపోయాడు. షాంబోర్ పనులు మొదలైంది అదే ఏడాది సెప్టెంబర్‌లో. ఒకళ్లకొకళ్లు ఎదురుపడకుండా ఇద్దరు ఎక్కి దిగగలిగే ఆ జంట మెట్లకు ఆయన ఆలోచనే మూలమై ఉండొచ్చంటారు, ఆయన నోటు పుస్తకాల్లో అలాంటి మెట్ల బొమ్మలున్నాయి. అంతవరకే. ఆయన పేరుతో షాంబోర్ ప్లాన్ ఒక్కటీ దొరకలేదు.

ఖాళీ గదులన్నది మాత్రం చాలావరకు నిజం, కానీ ఆ ఖాళీకి కారణం ఉంది, అది తెలిస్తే చూసే కళ్లే మారిపోతాయి. మొదటి ఫ్రాన్సువా రాజు దీన్ని కాపురానికి కట్టుకోలేదు, ఇది వేట విడిది. 400కి పైగా గదులు, చలిమంట వేసుకునే 282 పొయ్యిగూళ్లు ఉన్న ఈ భవనంలో 32 ఏళ్ల పాలన మొత్తమ్మీద ఆయన గడిపింది మూడు నెలలు కూడా కాదు. రాజు వస్తుంటే మంచాలు, పరదాలు, వంటపాత్రలు బళ్లమీద ముందు వచ్చేవి, రాజుతోపాటే వెళ్లిపోయేవి. తర్వాతి రాజుల కాలంలో చేరిన సామాను ఫ్రెంచ్ విప్లవం రోజుల్లో వేలంలో పోయింది. మనం కోట అనగానే గోల్కొండలాగా బురుజులు, ఫిరంగులు అనుకుంటాం. షాంబోర్‌కి బురుజులున్నాయి గానీ అవి యుద్ధానికి కావు, దర్జాకి. షెనొన్సో అయితే షెర్ నది మీద వంతెనలా నిలబడ్డ ఇల్లు. ఈ రెండూ ఒకటేనని చూసినవాళ్లెవరూ అనరు.

గైడ్ సంగతి నాకు అనుభవం మీద తెలిసింది. మొదటిసారి నేను చవగ్గా బుక్ చేసిన టూర్లో గైడ్ అని చెప్పుకున్నది డ్రైవరే, గేటు దగ్గర టికెట్లిచ్చి మూడింటికి రండి అన్నాడు. ఆరోజు నాకు కనిపించినవి గోడలు. బుక్ చేసేముందు ఒక్క ప్రశ్న అడగండి: గుర్తింపు కార్డున్న గైడ్ కోట లోపలికి మనతో వస్తారా? రెండోసారి అలా వచ్చిన ఆవిడ షెనొన్సోలో ఒక పొయ్యిగూటి ముందు ఆపి అక్షరాలు చూపించింది. ఫ్రాన్స్ రాజు రెండో హెన్రీ హెచ్, భార్య కేథరిన్ సి, రెండూ అల్లుకుపోయి ఉన్నాయి. కాస్త పక్కకి జరిగి చూడమంది. అవే గీతలు డి అయ్యాయి, డి అంటే డయాన్, రాజు ప్రియురాలు. ఈ ఇంటిని రాజు ఇచ్చింది ఆవిడకే, ఆయన 1559లో పోగానే కేథరిన్ వెనక్కి తీసేసుకుంది. ఇది నెట్‌లో ఉంటుంది, నిజమే. కానీ ఏ గదిలో ఎక్కడ నిలబడి తలెత్తాలో ముందు తెలిస్తే కదా వెతుక్కునేది.

పెద్దవాళ్ల విషయానికొస్తే, నాన్నకి మోకాళ్ల నొప్పులు. షాంబోర్‌లో పైకి ఎక్కలేదు, కిందే కూర్చున్నారు. షెనొన్సోలో గేటు నుంచి చెట్ల బాట పొడవే, మధ్యలో రెండుసార్లు ఆగాం. అమ్మ మాత్రం నది లోపలి స్తంభాల్లో ఉన్న వంటిల్లు చూడటానికి మెల్లగా మెట్లు దిగింది, వరసగా తళతళలాడే రాగి గిన్నెల ముందు ఎంతసేపు నిలబడిందో, వీటన్నిటినీ తోమేది ఎవరమ్మా అని నన్నడిగింది. నాన్న పైన గ్యాలరీలో కిటికీ పక్కన ఉన్నారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ గ్యాలరీ ఆసుపత్రి, 2,000 మందికి పైగా గాయపడ్డవాళ్లకు అక్కడ వైద్యం జరిగింది. రెండో యుద్ధంలో షెర్ నదే సరిహద్దు గీత, మేం వచ్చిన గుమ్మం వైపు జర్మన్లు, గ్యాలరీ అవతలి తలుపు వైపు వాళ్ల చేతిలో లేని నేల. ఈ గదిలోంచే మనుషుల్ని దాటించారని గైడ్ చెబితే నేను నాన్నకి తెలుగులో చెప్పాను. ఆయన లేచి, నా భుజం పట్టుకుని, ఆ 60 మీటర్లూ నడిచి ఆ తలుపు దాకా వెళ్లారు.