ఏడు సెకన్ల ఆస్తి, ఎడతెగని పంపకాలు

విచారణకు వచ్చిన ఆస్తి వివరాలు. పరిమాణం: సుమారు ఏడు సెకన్లు. స్వరూపం: ఒంటరి డ్రమ్ వాయింపు, నాలుగు ఆవర్తనాలు. ఆర్జించినవారు: ‘ది విన్‌స్టన్స్’ అనే అమెరికన్ బృందంలోని డ్రమ్మర్ గ్రెగరీ కోల్మన్. ఆర్జించిన సంవత్సరం: 1969. నమోదైన చోటు: ‘ఆమెన్, బ్రదర్’ అనే వాద్యగీతం మధ్యలో, అదీ రికార్డు వెనకవైపున. హద్దులు: తూర్పున హిప్ హాప్, పడమర టెక్నో, ఉత్తరాన రెగే, దక్షిణాన పోలీసులు.

ఈ ఇరుకు జాగాలో 1990ల మొదటి నుంచి ఒక సంగీత వంశం కాపురం ఉంటోంది. పేరు డ్రమ్ అండ్ బేస్, అంటే డ్రమ్ మోత, దాని అడుగున మంద్రస్వరం. పుట్టింది బ్రిటన్‌లో, పెరిగింది లండన్, బ్రిస్టల్ నగరాల్లో. స్థిరాస్తి ఇంత తక్కువగా, వారసులు ఇంత ఎక్కువగా ఉన్న వంశం సంగీత చరిత్రలో అరుదు. అందుచేత ఈ సంగీతంలోని ఆకర్షణ ఎంత, దాని పరిధి ఎంత అనే విషయాన్ని నిష్పాక్షికంగా తేల్చవలసిన బాధ్యత నా మీద పడింది. ఎవరూ అప్పగించలేదు. బాధ్యతలు అలాగే పడతాయి.

ముందు ఆస్తి విలువ. మొదటి రెండు ఆవర్తనాల్లో కోల్మన్ బుద్ధిగానే వాయించాడు. మూడోదానిలో ఒక స్నేర్ (చురుగ్గా పలికే చిన్న డ్రమ్) దెబ్బను ఆలస్యంగా వేశాడు. నాలుగోదానిలో మొదటి దెబ్బ వేయనే లేదు. ఆ తరువాత కాస్త తడబడినట్టు నటించి, సింబల్‌ను రావలసిన వేళకన్నా ముందే మోగించి ఊరుకున్నాడు. ఒక దెబ్బ ఆలస్యం, ఒక దెబ్బ గైర్హాజరు, ఒక దెబ్బ తొందరపాటు. ఏ కార్యాలయంలోనైనా ఈ మూడింటికీ సంజాయిషీ అడుగుతారు. ఇక్కడ మాత్రం ఈ మూడే మూలధనం.

ఎందుకంటే, ఇరవై ఏళ్ల తరువాత ఈ ఏడు సెకన్లు అకాయ్ శాంప్లర్ అనే, ధ్వనిని దాచుకుని కోరినట్టు మళ్లీ పలికించే యంత్రంలో పడ్డాయి. 1988లో వచ్చిన ఎస్1000 నమూనా రెండు మెగాబైట్ల జ్ఞాపకశక్తితో అమ్మకానికి వచ్చేది. అందులో నాణ్యమైన ధ్వని ఇరవై సెకన్ల పైచిలుకు పడుతుంది, అదీ ఒకే ఛానెల్‌లో. అంత చిన్న బుర్రకు ఏడు సెకన్ల వాయింపు మహాకావ్యంతో సమానం. లండన్ కుర్రాళ్లు ఆ వాయింపును దెబ్బ దెబ్బకూ ముక్కలు చేశారు. వెనకది ముందు, ముందుది వెనక పెట్టారు, నిమిషానికి 137 దెబ్బల దగ్గర నడుస్తున్నదాన్ని 160 దాటించి పరుగెత్తించారు. కోల్మన్ బిడియంగా చేసిన ఆ ఒక్క ఆలస్యం వీరి చేతుల్లో ప్రతి అర సెకనుకూ జరిగే ప్రమాదమైంది. వినేవాడి చెవి తరువాతి దెబ్బ ఎక్కడ పడుతుందో ఊహిస్తుంది, అది అక్కడ పడదు. ఊహ తప్పినందుకు ఎవరికైనా కోపం రావాలి. రాదు, కాలు కదులుతుంది. ఈ సంగీతం ఆకర్షణలో సగం ఇదే. మిగతా సగం బేస్ దగ్గర ఉంది.

బేస్ సంగతి వింతైనది. నేటి ట్రాక్‌లలో డ్రమ్ సాధారణంగా నిమిషానికి 174 దెబ్బల లెక్కన పోతుంది. బేస్ మాత్రం చాలాసార్లు అందులో సగం వేగంతో, 87 లెక్కన, బరువుగా నడుస్తుంది. ఒకే పాటలో రెండు కాలాలు. యువకులు 174తో గెంతవచ్చు, మోకాళ్లు సహకరించనివారు 87తో తల ఊపవచ్చు. ఇద్దరూ తాళం తప్పలేదు, ఇద్దరూ పూర్తి టికెట్టు కొన్నవారే. వయసు, ఊపిరి, శరీర భారం ఏదైనా సరే, అందరికీ ఒకే పాటలో చోటు చూపించిన ఈ ఏర్పాటును ప్రజాస్వామ్యం అనడానికి నాకు సంకోచం లేదు. తల ఊపేవారు గోడ దగ్గర, గెంతేవారు మధ్యలో నిలబడే సంప్రదాయం కూడా ప్రజాస్వామ్యానికి తగినట్టే ఉంది.

అయితే ఈ బేస్ గారి దర్శనం అంత సులభం కాదు. 50 హెర్ట్జ్ ధ్వని తరంగం పొడవు దాదాపు 7 మీటర్లు. ఆయన నిలబడాలంటే హాలు కావాలి, మనిషి ఎత్తు స్పీకర్ల వరుస కావాలి. అక్కడ ఆయన చెవికి కాదు, నేరుగా పక్కటెముకలకు వినిపిస్తాడు. ఇదే పాటను ఫోను స్పీకర్‌లో పెట్టి చూడండి. డ్రమ్ వినిపిస్తుంది. ‘అండ్’ కూడా లీలగా వినిపిస్తుంది. బేస్ రాడు. తగరపు డబ్బాలో చిటికెలు వేస్తున్నట్టు ఒక చప్పుడు మాత్రం వస్తుంది. ఆ చప్పుడు విని “ఇందులో ఏముంది?” అని అడిగే అమాయకులకు భక్తులు ఇచ్చే సమాధానం ఒక్కటే: “మంచి సిస్టమ్ మీద వినాలి.” సాకు కాదు ఇది, నిజమే. సగం సరుకు గిడ్డంగిలో ఉండిపోతే దుకాణాన్ని నిందించి లాభం లేదు. కానీ గది మారితే ప్రాణం పోయే సంగీతాన్ని గదుల మధ్య తిరిగే మనుషుల కోసం ఎందుకు తయారు చేస్తున్నారో ఎవరూ వివరించరు.

ప్రభుత్వం కూడా ఈ రంగంలో మేధాశ్రమ చేసింది. ఆరుబయట రాత్రిపూట జరిగే నృత్య సమావేశాలను అదుపు చేయడానికి బ్రిటిష్ పార్లమెంటు 1994లో ఒక క్రిమినల్ న్యాయ చట్టం తెచ్చింది. అందులో ‘సంగీతం’ అంటే ఏమిటో చెబుతూ, పూర్తిగాగానీ ప్రధానంగాగానీ పునరావృతమయ్యే దెబ్బల వరుసతో కూడిన శబ్దాలు కూడా ఆ మాట కిందికే వస్తాయని రాసింది. మాన్యులైన శాసనకర్తలు ఒక బృహత్తర సౌందర్యశాస్త్ర ప్రశ్నను ఒకే సెక్షన్‌లో పరిష్కరించారు. ఆటెకర్ అనే ఎలక్ట్రానిక్ జంట దీనికి నిరసనగా, ఏ రెండు ఆవర్తనాలూ ఒకేలా లేని ట్రాక్ ఒకటి చేసి విడుదల చేసింది. దాన్ని వేసే డీజేలు ఒక న్యాయవాదిని, ఒక సంగీత శాస్త్రవేత్తను పక్కన ఉంచుకోవడం మేలని రికార్డు మీద హెచ్చరిక కూడా అంటించింది. వారు డ్రమ్ అండ్ బేస్ వంశీయులు కారు గానీ, సలహా ఈ వంశానికి అంతకన్నా ఎక్కువ పనికివచ్చేది. పక్కన శాస్త్రవేత్త నిలబడి ఉంటే ‘ఈ స్నేర్ గత ఆవర్తనం కంటే ఆలస్యంగా పడినది’ అని వాంగ్మూలం ఇచ్చేవాడు. నిరుద్యోగ సమస్య కొంత తీరేది.

ఇక పంపకాలు. ఆస్తి ఏడు సెకన్లే అయినా వాటాదారులు ఆగలేదు. మృదువైన పియానో, పాడే గొంతు కలిపినవారు లిక్విడ్ అనే వాటా తీసుకున్నారు. కర్మాగారం కూలినట్టు మోగించేవారికి టెక్‌స్టెప్ దక్కింది. కర్మాగారాన్ని మళ్లీ కట్టి, ప్రయోగశాల అని బోర్డు పెట్టినవారు న్యూరోఫంక్. నవ్వు పుట్టించే బేస్ అరుపులతో జనాన్ని గెంతించేవారు జంప్ అప్. వీరిని మిగిలిన వాటాదారులందరూ కలిసి చిన్నచూపు చూస్తారు. వంశంలో ఐకమత్యం కనిపించే ఏకైక సందర్భం అది. జంగిల్ అనే పాత శైలి అన్నగారా, తండ్రిగారా, లేక వేరే ఇంటివారా అనే వ్యాజ్యం ముప్పై ఏళ్లుగా నడుస్తోంది. ఎవరు పట్టిన కుందేలుకు వారి లెక్క ప్రకారం మూడే కాళ్లు. బయటివాడికి నాలుగు కాళ్లు కనిపిస్తే, వాడికి మంచి సిస్టమ్ లేదని అర్థం.

ఈ హడావిడిలో ఆస్తి సంపాదించిన మనిషిని అడిగినవారు లేరు. కోల్మన్ 2006లో మరణించాడు, తన వాయింపు వేల రికార్డుల్లో తిరుగుతున్నా రాయల్టీ ముట్టకుండానే. ఆ బృందం నాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కు 2015లో అభిమానులు చందాలు పోగు చేసి 24,000 పౌండ్లు ఇచ్చారు. అంటే రికార్డయిన 46 ఏళ్లకు. అద్దె బకాయి లెక్క కట్టే ఓపిక ఏ వాటాదారుకూ లేకపోయింది. 174 వేగంతో పోయేవారికి అసలు వెనక్కు చూసే వీలు ఎక్కడ ఉంటుంది?

గెలుపు వచ్చినప్పుడు ఈ వంశం ఎలా ప్రవర్తిస్తుందో కూడా రికార్డుకు ఎక్కించాలి. 1997లో బ్రిస్టల్‌కు చెందిన రోనీ సైజ్, రెప్రజెంట్ బృందానికి, ఏటా ఉత్తమ ఆల్బమ్‌కు ఇచ్చే మెర్క్యురీ బహుమతి వచ్చింది. ఓడినవారిలో రేడియోహెడ్ అనే పేరుమోసిన రాక్ బృందం ఉంది. పత్రికలు పొంగిపోయి, రేపటి సంగీతం ఇదేనన్నాయి. రేపు వచ్చింది, చూసింది, వెళ్లిపోయింది. పదిహేనేళ్ల తరువాత, 2012లో, డీజే ఫ్రెష్ ట్రాక్ ఒకటి బ్రిటిష్ జాబితాలో మొదటి స్థానానికి చేరింది. డ్రమ్ అండ్ బేస్‌కు అలాంటి గౌరవం అదే తొలిసారి. పాతకాపుల ఇళ్లలో పండుగ జరగలేదు, సంతాపం జరిగింది. జనం వినకపోతే జనానికి చెవులు లేవు, జనం వింటే పాటకు విలువ లేదు. ఇంత పటిష్టమైన సిద్ధాంతాన్ని ఏ అపజయమూ కదపలేదు, విజయం అసలే కదపలేదు.

ప్రత్యేకత కాపాడుకోవడానికి వీరు ఒకప్పుడు ఇంకా గొప్ప ఏర్పాటు చేసుకున్నారు. కొత్త పాటను అసిటేట్ పళ్లెం మీద ఒక్క ప్రతి కోయించి, నమ్మిన డీజే చేతికి ఇచ్చేవారు. దాన్ని డబ్‌ప్లేట్ అంటారు. కొన్ని పదుల సార్లు తిప్పితే అరిగిపోతుంది. అంటే కొనడానికి దొరకని, పేరు తెలియని, వింటున్నకొద్దీ అరిగిపోయే పాట కోసం జనం టికెట్టు కొని రాత్రంతా నిలబడేవారు. వ్యాపార శాస్త్రం దీన్ని మూర్ఖత్వం అంటుంది. నేను మాత్రం ఇందులో వైభవం ఉందంటాను, గొంతు తగ్గించకుండానే అంటాను. ఇప్పుడు ఏ పాటైనా విడుదలైన క్షణంలో ఫోనులో ఉంటోంది, బేస్ తప్ప. ఆ ఎదురుచూపు స్థానంలో ఏదీ రాలేదు.

జనం బాగా మెచ్చిన పాటను ఏం చేయాలనే విషయంలోనూ వీరి పద్ధతి వేరు. పెద్ద స్పీకర్లతో జనానికి పాటలు వేసే జమైకా సౌండ్ సిస్టమ్‌ల నుంచి వచ్చిన ఆచారం ప్రకారం, పాట అద్భుతంగా ఉంటే డీజే దాన్ని వెంటనే ఆపేస్తాడు. రికార్డును వెనక్కు గిరగిరా తిప్పి మళ్లీ మొదలుపెడతాడు. పాటకు దక్కే పరమోన్నత సత్కారం, దాన్ని పూర్తి కానివ్వకపోవడమే. నచ్చని పాటలు మాత్రం చివరిదాకా మోగుతాయి.

అసలైన పరిమితి దగ్గరికి ఇప్పుడు వస్తున్నాను. 1990లలో ఈ పాటల వేగం ఏడాదికో మెట్టు ఎక్కుతూ, 150 నుంచి 160, అక్కడి నుంచి 170 పైకి పోయింది. అప్పుడు ఎవరికీ గమ్యం తెలియదు, అందుకే ప్రతి మెట్టూ సాహసంలా వినిపించింది. తరువాత 174 దగ్గర ఎవరో బల్ల వేసుకుని కూర్చున్నారు. కారణం సౌందర్యం కాదు, సౌకర్యం. అన్ని పాటలూ ఒకే వేగంలో ఉంటే డీజేకు ఒకదాన్ని మరొకదానికి అతికించడం తేలిక. వేగంతో పాటు కొలతలూ గట్టిపడ్డాయి. 174 దగ్గర 16 ఆవర్తనాలు అంటే 22 సెకన్లు, 64 అంటే 88 సెకన్లు. ఏ 22 సెకన్ల తరువాత ఉత్కంఠ పెరగాలో, ఎక్కడ అన్నీ ఆగి మళ్లీ బేస్ విరుచుకుపడాలో గడియారం చూసి చెప్పవచ్చు. దీన్ని డ్రాప్ అంటారు. సమయం ముందే తెలిసిన పిడుగుపాటు ఇది. పిడుగు పడినప్పుడు జనం నిజంగానే ఉలిక్కిపడతారు, అది జనం మంచితనం. చోటు తప్పిన ఒక దెబ్బతో పుట్టిన సంగీతం, ఏ దెబ్బా చోటు తప్పకుండా చూసుకునే స్థాయికి ఎదిగింది. డ్రమ్ ధ్వనులను కంప్యూటర్‌లో ఎంత శుభ్రం చేశారంటే, కోల్మన్ ఇవాళ వచ్చి వాయిస్తే, లోపాలు సరిచేసి పంపమని తిరిగి ఇచ్చేస్తారు.

భావాల సంగతి కూడా చూడాలి. ఈ సంగీతంలో కోపం బాగుంటుంది, భయం ఇంకా బాగుంటుంది, సంతోషం పరవాలేదు. దుఃఖం వచ్చేసరికి చిక్కు. లిక్విడ్ వాటాలో ఒక స్త్రీ గొంతు తనను విడిచి వెళ్లినవాడిని తలచుకుంటూ ఒకే వాక్యాన్ని మళ్లీ మళ్లీ పాడుతుంది, వెనక డ్రమ్స్ మాత్రం రైలు అందుకోవడానికి పరుగెడుతుంటాయి. విరహిణికి కూర్చునే అవకాశం లేదు. వెళ్లినవాడు తిరిగివచ్చినా ఆగి పలకరించడం కష్టమే.

ఈ గోడలు ఈ వంశంలోని పేరుమోసిన సంగీతకారుడు గోల్డీకి అందరికంటే ముందే కనిపించాయి. 1995లో తన తొలి ఆల్బమ్‌ను 21 నిమిషాల పాటతో మొదలుపెట్టాడు. అది ఇప్పటికీ ఈ వంశం చేసిన ఘనకార్యాల్లో మొదటి వరుసలో ఉంది, ఈ మాటలో వ్యంగ్యం లేదు. 1998లో రెండో ఆల్బమ్ తెచ్చాడు. అందులో తల్లిని ఉద్దేశించిన పాట ఒక్కటే గంట సేపు ఉంటుంది. ఏడు సెకన్ల పునాది మీద గంట ఎత్తు మేడ. విమర్శకులు అది ఒరిగిపోయిందన్నారు. పైదాకా ఎక్కి చూసినవారు తక్కువ కనుక ఆ తీర్పును అంగీకరించే తొందర నాకు లేదు. కానీ పూర్తిగా వినడానికి ప్రయత్నిస్తే డ్రమ్స్ ఎప్పుడు వస్తాయా అని చాలాసేపు ఎదురుచూడవలసి వస్తుందని మాత్రం హెచ్చరిస్తున్నాను.

తుది తీర్పు. మొదటి గంట అద్భుతం. రెండో గంటలో అన్నీ ఒకేలా ఉన్నాయనే ఆరోపణకు బలం చేకూరుతుంది. మూడో గంటలో మళ్లీ అద్భుతం, ఆరోపించే ఓపిక పోతుంది గనుక. తీర్పు చదివి లేచి వెళ్లిపోదామంటే పాట ముగియాలి కదా, డీజే ముగియనివ్వడం లేదు. ఒకదాని తోక మీద ఇంకోదాని తల అతికిస్తూనే ఉన్నాడు. తరువాతి డ్రాప్‌కు ఇంకా 22 సెకన్లు ఉన్నాయట. అది చూసి వెళతాను.