కంప్యూటర్లో ఆరుగురు

తిరుపతిలో కాపురం ఉన్నవాళ్ళకు చుట్టాల కొరత ఉండదు. ఏదో పెళ్ళిలో పక్కన కూర్చుని పెరుగన్నం తిన్న పరిచయం చాలు, ఆర్నెల్లకు ఫోన్ వస్తుంది: "మీ ఊరే కదా, మూడొందల టికెట్లు నాలుగు చూడండి." ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు నెలల ముందే ఆన్‌లైన్‌లో వదులుతారనీ, పొద్దున పదింటికి తెరిస్తే కాసేపట్లో ఐపోతాయనీ, తిరుపతిలో ఉన్నంత మాత్రాన వెబ్‌సైట్ మనల్ని గుర్తుపట్టి ముందుకు పంపదనీ ఎంత చెప్పినా వినరు. బైరాగిపట్టెడలో ఉండే మా మామ డెస్క్‌టాప్ కొన్నది ఈ బాధ పడలేకే. దర్శనం టికెట్లు, కరెంటు బిల్లు, పెన్షన్ స్లిప్పు, బెంగళూరులో ఉన్న కూతురితో పెద్ద స్క్రీన్ మీద మాట్లాడటానికి ఆ అమ్మాయే పెట్టి వెళ్ళిన చాట్ యాప్. అందులో ఉన్న సామానంతా ఇంతే.

టికెట్లు వదిలే రోజు పొద్దున్నే మామ ఫోన్ చేశాడు.

"రేయ్, కంప్యూటర్లో ఎవరో ఉండార్రా."

"ఎవరు మామా?"

"ఎవరో తెలిస్తే నీకెందుకు చేస్తా? ఒకడు కాదు, ఆరుమంది."

లీలామహల్ సర్కిల్ ట్రాఫిక్ దాటి నేను చేరేసరికి రక్షణ చర్యలు పూర్తయ్యాయి. కెమెరా మీద అత్త పెద్ద ఎర్ర బొట్టుబిళ్ళ అతికించింది. రౌటర్ వైరు పీకి, వెండి సామాన్లతో పాటు బీరువాలో పెట్టి తాళం వేశారు. స్క్రీన్ మీద టాస్క్‌బార్ లేదు, ఐకాన్లు లేవు, సంక్రాంతికి సున్నం వేయడానికి ఖాళీ చేసిన గోడలా బోసిగా ఉంది.

"వాళ్ళ నాయకుడిని పట్టినా," అన్నాడు మామ. "ఎక్స్‌ప్లోరర్ అంట. ఎండ్ టాస్క్ కొట్టినా. పోతా పోతా అంతా ఎత్తుకపోయినాడు."

విండోస్‌లో డెస్క్‌టాప్‌నీ, టాస్క్‌బార్‌నీ చూపించేదే ఆ ఎక్స్‌ప్లోరర్. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి, టాస్క్ మేనేజర్‌లో 'రన్ న్యూ టాస్క్' దగ్గర దాని పేరు కొడితే అన్నీ తిరిగొచ్చాయి. వాటితో పాటు ఆ ఆరుగురూ కనిపించారు. ఆరుగురికీ ఒకటే పేరు, మా వదిన పెట్టిన చాట్ యాప్ పేరు.

మామ ఇలాంటి యుద్ధం చేయడం ఇది మొదటిసారి కాదు. 2002లో దేశదేశాల్లో ఒక మెయిల్ తిరిగింది. మీ కంప్యూటర్లో ఎలుగుబంటి బొమ్మ ఉన్న ఫైలు ఒకటి దాక్కుని ఉంది, యాంటీవైరస్‌లకు దొరకదు, వెంటనే తీసేసి అందరికీ చెప్పండి అని. యాంటీవైరస్‌కు దొరకకపోవడానికి కారణం అది వైరస్ కాకపోవడమే. జేడీబీజీఎంజీఆర్ అనే ఆ ఫైలు విండోస్‌దే, జావా ప్రోగ్రాములు రాసేవాళ్ళకు పనికొచ్చేది. ఐకాన్ మాత్రం నిజంగానే ఎలుగుబంటి బొమ్మ, అది ఎవరి సరదానో. అప్పట్లో మామ తన ఆఫీసులోని కంప్యూటర్లన్నిట్లో ఆ ఎలుగుబంటిని వేటాడాడు. తర్వాత ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడానికి తానే కారణమని ఈ రోజుకూ నమ్ముతాడు.

"యాప్ మూసేసినా కదా, లోపల ఇంకా ఎందుకు తిరుగుతా ఉండారు?"

ఇంటూ గుర్తు నొక్కితే కిటికీ మాత్రమే మూసుకుంటుందనీ, మెసేజ్ వస్తే చెప్పడానికి యాప్ గడియారం పక్కన కూర్చునే ఉంటుందనీ చెప్పాను. ఆరుగురు ఎందుకంటే, ఇలాంటి చాట్ యాప్‌లు చాలావరకు లోపల ఒక బ్రౌజర్‌నే మోసుకుని వస్తాయి. కిటికీ చూసుకునే పెద్ద ప్రాసెస్, అంటే నడుస్తున్న ప్రోగ్రాము, వేరు, బొమ్మలు గీసేది వేరు, నెట్‌తో మాట్లాడేది వేరు. ఒకటి పడిపోయినా మిగతావి నిలబడాలని అలా కట్టారు. బొమ్మలు గీసేదాన్ని చంపితే పెద్దది ఇంకోదాన్ని పుట్టిస్తుంది.

"అదీ! నేను చంపినవాడు మళ్ళీ లేచి వచ్చినాడు," అన్నాడు మామ, అత్త వైపు చూసి. అంతవరకూ ఆ ఇంట్లో ఈ మాట ఎవరూ నమ్మలేదని అర్థమైంది.

పేరు మీద రైట్ క్లిక్ చేసి 'ఓపెన్ ఫైల్ లొకేషన్' నొక్కాను. యూజర్ ఫోల్డర్ కింద యాప్‌డేటా తెరుచుకుంది.

"ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఉండాల్సినోడు ఈ సందులో దూరినాడంటే దొంగే కదరా?"

నిజానికి ఇది మంచి ప్రశ్న. అడ్మిన్ అనుమతి అడగకుండా దిగిపోవచ్చని చాట్ యాప్‌లు కొన్ని అక్కడే కాపురం పెడతాయి. అదే సౌకర్యం చూసి వైరస్‌లూ అక్కడే పెడతాయి. కాబట్టి అడ్రస్ ఒక్కటీ చూస్తే చాలదు, ఫైలు మీద కంపెనీ పెట్టిన డిజిటల్ సంతకం చూడాలి అన్నాను.

మామ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. గెజిటెడ్ ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. బైరాగిపట్టెడలో సగంమంది సర్టిఫికెట్ల మీద ఉన్న పచ్చ ఇంకు ఆయనదే. ప్రాపర్టీస్‌లో 'డిజిటల్ సిగ్నేచర్స్' తెరిచి డిటెయిల్స్ నొక్కితే, సంతకం సరిగ్గానే ఉందని విండోస్ చెప్పింది. కంపెనీ పేరు, తేదీ, టైము అన్నీ ఉన్నాయి.

"వాడి సంతకం సరే. అది వాడిదేనని అటెస్ట్ చేసిందెవరు?"

సర్టిఫికెట్ తెరిచి చూపించాను. కంపెనీకి పూచీ ఇచ్చిన సంస్థ, దాని పైన ఇంకో సంస్థ. సంతకం పడ్డాక ఫైలులో ఒక్క అక్షరం మార్చినా అది చెల్లదన్నాను. మామ చాలాసేపు చూశాడు. మా సర్వీసులో ఇంత పద్ధతిగా లేదురా, అన్నాడు.

"పది!" అని వంటింట్లోంచి అత్త కేక. "మా చెల్లెలు నన్ను బతకనిస్తాదా?"

రౌటర్ వైరు బీరువాలో ఉంది, బీరువా తాళం దేవుడి గూట్లో ఉంది, దేవుడి గూట్లో ఎక్కడ ఉందో ఇద్దరికీ గుర్తులేదు. అది దొరికి, నెట్ వచ్చి, టికెట్ల లైన్లో చేరేసరికి మా ముందు జనం బాగా ఉన్నారు. ఆ ఖాళీలో ఫైలును వైరస్‌టోటల్‌లో వేశాను. 2004లో స్పెయిన్‌లో మొదలై, 2012లో గూగుల్ చేతికి వెళ్ళిన సైటు అది. డెబ్బైకి పైగా స్కానర్లకు ఫైలును చూపిస్తుంది. అన్నీ శుభ్రమన్నాయి, ఎప్పుడూ పేరు వినని ఒకటి తప్ప. అది అనుమానం అంది.

"ఆ ఒక్కడే నిజాయితీపరుడు," అన్నాడు మామ. "మిగతావాళ్ళు మొహమాటానికి పోయినారు."

ఒకరిద్దరు పొరపడటం మామూలేనని నచ్చజెప్పేలోపు, తన పెన్షన్ కాగితాలు కూడా అందులో వేసి చూడమన్నాడు. అక్కడ వేసినవి భద్రతా కంపెనీలందరికీ అందుతాయి, సొంత కాగితాలు వేయకూడదు అని మౌస్ లాక్కోవాల్సి వచ్చింది. మా వంతు వచ్చేసరికి టికెట్లు ఐపోయాయి.

అంతలో కంప్యూటర్ మోగింది. వీడియో కాల్. ఆ ఆరుగురూ మోసుకొచ్చిందే.

"నాన్నా, ఇద్దరి ఫోన్లూ ఎత్తరేంది? పిన్నీవాళ్ళకు టికెట్లు నేనే ఇక్కడ బుక్ చేసేసినా," అంది వదిన. తర్వాత కళ్ళు చిట్లించి, "అమ్మా, ఏంది మీ ఇంట్లో అంతా చీకటి?"

అత్త గోటితో బొట్టుబిళ్ళ గీకుతుంటే, మామ నన్ను పక్కకు పిలిచి నోట్‌బుక్ చేతిలో పెట్టాడు. మేం వదినతో మాట్లాడుతుండగానే తాను సంతకాలు తనిఖీ చేసిన ఫైళ్ళ జాబితా అది.

"ఇది చూడు. నోట్‌ప్యాడ్. విండోస్ వాడిదే, సిస్టమ్32లో ఉంది. సంతకం పేజీ అనేదే లేదు."

విండోస్ సొంత ఫైళ్ళు చాలావాటికి విడిగా సంతకం ఉండదనీ, వాటి గుర్తులన్నీ ఒక కేటలాగ్‌లో రాసి, ఆ కేటలాగ్ కింద ఒకే సంతకం పెడతారనీ చెప్పాను.

"అంటే అందరికీ కలిపి ఒకే లిస్టు, కింద ఒక సంతకం. జీతాల బిల్లు మాదిరి," అన్నాడు మామ. మొహం వెలిగింది. మరుక్షణమే కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "ఆ లిస్టుల్లోనే మా ఆఫీసులో లేనోళ్ళ పేర్లు ఎక్కించేవాళ్ళు. యాడుంది అది, తియ్యి."