తల ఎటువైపు బావా?

పొద్దున జరిగింది, ఇంకా లిఫ్ట్‌లో ఎవరికీ మొహం చూపించే ధైర్యం రాక మెట్లెక్కి వచ్చి రాస్తున్నా. మా అపార్ట్‌మెంట్ కాంపౌండ్‌లో నందివర్ధనం చెట్టుంది, మా ఆవిడ పూజకి పూలన్నీ దాన్నుంచే. ఈమధ్య రెమ్మలకి రెమ్మలు బోడి అయిపోతున్నాయి, కింద మిరియాల్లాంటి నల్ల ఉండలు. వాచ్‌మన్ని అడిగితే మేక సార్ అన్నాడు. కూకట్‌పల్లిలో మేక, గేటు తీసుకుని వచ్చి తిని మళ్ళీ గేటేసి వెళ్తోందన్నమాట, సరే. ఇవాళ పూలకెళ్తే దొరికింది, మేక కాదు, ఇంత లావు ఆకుపచ్చ పురుగు, పక్కన తెల్లటి చార, ఒక చివర చిన్న నారింజ రంగు కొమ్ము.

ఇదేంటో చెప్పమని ఫోన్‌కి ఫోటో చూపిస్తే మొదట దొండకాయ అంది. ఇంకో యాంగిల్‌లో తీస్తే రబ్బరు బొమ్మ, 249 రూపాయలు, రేపటికల్లా డెలివరీ అంది. ఇంక లాభం లేదని మా బావమరిదికి వీడియో కాల్ చేశా, వాడు అగ్రికల్చర్ బీఎస్సీ, ఆ ముక్క వాడి పెళ్ళి శుభలేఖలో కూడా వేయించారు, చేసేది మాత్రం సాఫ్ట్‌వేర్.

"తల చూపించు బావా, తల చూస్తే చెప్పేస్తా" అన్నాడు.

"తల ఎటువైపురా?"

"కొమ్ముంది కదా, కొమ్ము తల మీద కాకపోతే ఎక్కడుంటుంది బావా, ఆవుని చూళ్ళేదా?"

బీఎస్సీ వాడు చెప్పాడు కదా అని నమ్మా. కొమ్మున్న వైపు ఆకు కింద ఉంది, వంగితే కనపడట్లేదు, కూర్చుంటే కనపడట్లేదు, అప్పుడే నీళ్ళు పెట్టిన మట్టి, నేనేమో లుంగీ బనీన్లో ఉన్నా, అయినా సైన్స్ కోసం బోర్లా పడుకుని ఫోన్ దాని మొహానికి, అంటే మొహం అని వాడు చెప్పినదానికి, ఆనించినంత దగ్గరగా పెట్టా. కళ్ళు కనిపిస్తున్నాయా అంటాడు, లేవురా అంటా. నోరుంటుంది చూడు అంటాడు. చూస్తుంటే ఏదో తెరుచుకుంది నిజంగానే. తెరుచుకుని ఓ నల్ల ఉండ సరిగ్గా స్క్రీన్ మీద, మా బావమరిది ముక్కు మీద పడింది. "ఉమ్మిందిరా" అన్నా. "బెదిరిస్తోంది బావా, డిఫెన్స్ మెకానిజం, భయపడకు, ఇంకా దగ్గర పెట్టు" అన్నాడు. పెట్టా. ఇంకోటి పడింది. అప్పుడైనా నా బుర్రకి తట్టాలి కదా ఏ వైపు చూస్తున్నానో, తట్టలేదు, పైగా దానికి గుడ్ మార్నింగ్ కూడా చెప్పినట్టు గుర్తు.

తర్వాత స్కేలు పెట్టి కొలవమన్నాడు. మా ఆవిడ బాల్కనీలోంచి పాప జామెట్రీ బాక్స్ స్కేలు విసిరింది, ఎనిమిది సెంటీమీటర్లు ఉంది మహానుభావుడు. స్కేలు తగిలేసరికి ఒళ్ళు ముడుచుకుని, అటు చివర, కొమ్ము లేని వైపు ఉబ్బి, నీలం రంగు కళ్ళు రెండు తెరిచి నన్నే చూసింది. "ఒరేయ్ కళ్ళు వెనకాలున్నాయిరోయ్" అని అరిచా. అరిచి తిరిగి చూస్తే మా అసోసియేషన్ సెక్రటరీ గారు, వాకింగ్ బ్యాచ్ మొత్తంతో, నా కాళ్ళ దగ్గర నిలబడి ఉన్నారు. లుంగీ పరిస్థితి మీ ఊహకే వదిలేస్తున్నా.

"ఏం చేస్తున్నారండీ?"

"దీని మొహం వెతుకుతున్నానండీ."

సెల్లార్లో మోటార్ కాలిపోయినప్పుడు ఫోనెత్తని మనిషి, దీనికి మాత్రం టైముకి దిగబడ్డారు. మందు కొట్టిస్తాం అన్నారు, వద్దన్నా, మాటా మాటా పెరిగింది, అదంతా అనవసరం.

పైకొచ్చేసరికి బావమరిది మెసేజ్: ఒలియాండర్ హాక్ మాత్ బావా, సైంటిఫిక్ పేరు డాఫ్నిస్ నెరియై, జీవులకి ఇలాంటి పేర్లు పెట్టిన సైంటిస్టు లినేయస్ 1758లోనే పేరు పెట్టాడు, పశువులు ముట్టని గన్నేరు ఆకు కూడా తిని అరిగించుకుంటుంది, ముట్టుకున్నా దురద రాదు, ఆ నీలం కళ్ళు ఉత్తుత్తివి, పిట్టల్ని భయపెట్టడానికి, అసలు తల కిందకి ముడుచుకుంటుంది, కొమ్ము తోక మీద, ముదిరాక గోధుమ రంగుకి తిరిగి నేల మీద ఎండాకుల్లోకి దిగి ప్యూపా అవుతుంది, ఆకుపచ్చా గులాబీ కలిసిన రెక్కల పురుగై సాయంత్రాలు పూల ముందు గాల్లో నిలబడి తేనె తాగుతుంది. చివర్లో "నేను చెప్పా కదా బావా". ఏం చెప్పావురా నువ్వు? లినేయస్‌కి వీడియో కాల్ కూడా లేదు, ఆయన తోకని పట్టుకుని తల అనలేదు కదా!

ఇంతలో అపార్ట్‌మెంట్ గ్రూప్‌లో సర్క్యులర్: "కామన్ ఏరియాలో పడుకొని ఫోన్ మాట్లాడరాదు. డ్రెస్ విషయంలో కూడా జాగ్రత్త వహించగలరు." దానికి మా ఆవిడ దణ్ణం బొమ్మ పెట్టింది. పాపకి రేపు మాథ్స్ టెస్ట్, స్కేలేమో ఇంకా ఆ చెట్టు కిందే ఉంది, ఇప్పుడు ఎవరెళ్ళి తెస్తారు చెప్పండి.