ప్యాంటు జేబులో పొయ్యి

మా వీధికొచ్చే చెత్త ఆటో అబ్బాయి దృష్టిలో తడి చెత్త, పొడి చెత్త తప్ప మూడోది లేదు. అయిపోయిన బ్యాటరీలిస్తే "ఇవి మేం తీస్కోం సార్" అని తిరిగి నా చేతిలోనే పెట్టాడు. బజార్లో ఎలక్ట్రానిక్స్ షాపువాళ్లు పాత బ్యాటరీలకి డబ్బా పెట్టారని తెలిసి, వైర్‌లెస్ మైకులోంచి తీసిన 9 వోల్టుల పలక బ్యాటరీని జేబులో వేసుకుని బయల్దేరాను. "రెండు కొసలకీ టేపు అంటించండి" అంది మా ఆవిడ. చచ్చిన పాముకి మూతి కట్టడమెందుకన్నాను.

డబ్బా మేనేజర్ గదిలో ఉందట. మేనేజర్ భోజనానికెళ్లాడట. కూర్చోమన్నారు.

కుడి తొడ మీద చురుక్కుమంది. చీమేమో అనుకున్నాను. చీమ అయితే కుట్టి ఊరుకోవాలి, ఇలా సెగ పెంచుకుంటూ పోదు. షుగరుంటే కాళ్లు మండుతాయని మా బాబాయి ప్రతి పెళ్లిలోనూ చెబుతుంటాడు. పొద్దున తిన్న రెండు జిలేబీలు కళ్లముందు మెదిలాయి. ఇంత త్వరగానా?

ఈ రకం బ్యాటరీకి ప్లస్సూ మైనస్సూ రెండూ నెత్తిమీదే, పక్కపక్కనే ఉంటాయి. లోపల ఒకటిన్నర వోల్టువి 6 సెల్లులు. మైకుకి చాలకపోయినా లోపల ఎంతోకొంత కరెంటు మిగిలే ఉంటుంది. ఇంటి తాళాలగుత్తి సరిగ్గా ఆ రెంటి మధ్యా వంతెన కట్టింది. ఇదంతా తర్వాత నింపాదిగా తెలిసింది. అప్పుడు మాత్రం లేచి ఒంటికాలి మీద గెంతుతున్నాను. ఎదురుగా పెద్ద టీవీ బేరమాడుతున్న కుటుంబం, టీవీ వదిలేసి నన్ను చూస్తోంది. జేబులో చెయ్యి పెడితే తాళాలు కాలాయి. ఇక లాభం లేదని జేబు మొత్తం బయటికి తిప్పేశాను. చిల్లర, తాళాలు, బస్ టికెట్లు, ఆఖర్న ఆ మహాతల్లి, టైల్స్ మీద టకటకమంటూ పడ్డాయి. "బాంబా అంకుల్?" అన్నాడు వాళ్ల బుడ్డోడు, ఎంతో ఆశగా. సెక్యూరిటీ అతను ఎర్ర సిలిండరు ఎత్తుకొచ్చి, దాని పిన్ను లాగాలో వద్దో తేల్చుకోలేక, గొట్టం బ్యాటరీ వైపు కాకుండా నా వైపు పెట్టి నిలబడ్డాడు.

అప్పుడొచ్చాడు మేనేజరు, చెయ్యి తుడుచుకుంటూ. కింద పడున్న బ్యాటరీని చూశాడు, నన్ను చూశాడు.

"మా దగ్గర కొన్నదేనా సార్? బిల్లుందా?"